నోటి మాటా, మందు చీటీ



రేణిగుంట వాళ్లకు రైళ్ల సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. చెన్నై నుండి ముంబయి పోయే దారి, గూడూరు నుండి కాట్పాడి పోయే దారి మన జంక్షన్‌లోనే కలుస్తాయి. బండి ఏ దారిన పోవాలో తేల్చేది ఇంజను కాదు, పాయింటు. అక్కడ కదిలేది కొద్ది అంగుళాలే. ఆ కాస్త కదలికతో ఇరవై పైచిలుకు పెట్టెల బండి కడప దారి వదిలి తిరుపతి దారి పడుతుంది. ఆ కదిలే పట్టాకు రైల్వే వాళ్లు ఇంగ్లీషులో పెట్టుకున్న పేరుకు తెలుగులో అర్థం ‘నాలుక పట్టా’. మా సంఘంలో రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు ఈ సంగతి చెప్పినప్పుడు మాకు వెంటనే యాకోబు పత్రిక మూడవ అధ్యాయము గుర్తుకు వచ్చింది. ఆయన గుర్రం నోటి కళ్లెం గురించి, ఓడ చుక్కాని గురించి రాశాడు. రేణిగుంటలో పుట్టి ఉంటే పాయింటు గురించే రాసి ఉండేవాడు.

నోటి మాటకు ఉన్న శక్తిని గురించి మన సంఘాలలో ఇటీవల చాలా ప్రసంగాలు వినిపిస్తున్నాయి. జీవమైనా మరణమైనా నాలుక వశములోనే ఉన్నదను భావము గల సామెతలు 18:21 వచనం క్యాలెండర్ల మీదా, ఆటోల వెనుకా కనబడుతున్నది. మంచిదే. అయితే ఆ వచనాన్ని పట్టుకొని కొందరు చెప్తున్న ఒక బోధ వల్ల మా ఆసుపత్రికి వచ్చే రోగులకు జరుగుతున్న నష్టాన్ని చూస్తూ ఊరకుండలేక ఈ నాలుగు మాటలు రాస్తున్నాము. ఇది ఏ సంఘాన్నీ, ఏ సేవకుణ్ణీ ఉద్దేశించి కాదు. ఆ బోధ చెప్పేవారిలో చాలామంది ప్రార్థనాపరులని, మంచి మనసుతోనే చెప్తున్నారని మాకు తెలుసు.

ఒకామె సంగతి చెప్తాము. పేరూ ఊరూ రాయడం లేదు. యాభై దాటిన మనిషి, కూలి పని చేసుకుని నలుగురు బిడ్డల్ని పెంచిన తల్లి. కాలికి గుడ్డ చుట్టుకుని కోడలి భుజం మీద చెయ్యి వేసుకుని వచ్చింది. గుడ్డ విప్పేసరికి వాసన. ముల్లు గుచ్చుకుని మూడు వారాలయిందట. స్పర్శ లేదు గనుక నొప్పి తెలియలేదు. రెండు వేళ్లు నల్లబడి ఉన్నాయి. “షుగరు ఎన్నేళ్ల నుండి ఉందమ్మా?” అని మా సిస్టర్ అడిగింది. ఆమె తల అడ్డంగా ఊపి, “నాకు షుగరు లేదు సిస్టరమ్మా. ఆ మాట నా నోట రాగూడదు. మీరు గూడా అనొద్దండి” అన్నది. రక్తం పరీక్ష చేస్తే నాలుగు వందలు దాటింది.

కోడలు బయట వరండాలోకి వచ్చి మెల్లగా చెప్పింది. “ఏడేండ్లుగా మాత్రలు మింగతానే ఉండె సార్. అయిదు నెలల కింద కూటానికి పోయి వచ్చినాక మానేసింది. జబ్బు పేరు నోటితో ఒప్పుకుంటే అది ఒంట్లో నిలబడిపోతుందంట. మాత్ర మింగినా ఒప్పుకున్నట్టేనంట. మేము అడిగితే, మీరే నా విశ్వాసాన్ని చెరుపుతా ఉండారని ఏడుస్తుంది.”

ఇలాంటివారు ఆమె ఒక్కతే అయితే ఈ వ్యాసం రాసే పని ఉండేది కాదు. బి.పి. మాత్రలు ఆపేసి, మూతి వంకర పోయి, చెయ్యి పడిపోయి వచ్చినవారు ఉన్నారు. టి.బి. మందులు రెండు నెలలు మింగి, దగ్గు తగ్గగానే స్వస్థత పొందామని సాక్ష్యం చెప్పి, ఆపేసినవారు ఉన్నారు. సాక్ష్యం చెప్పేశాక మళ్లీ మందులు మింగడానికి సిగ్గు. ఇది మాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం. మామూలు టి.బి.కి ఆరు నెలల మందు. మధ్యలో ఆపితే మిగిలిన క్రిములు ఆ మందులకు లొంగకుండా తయారవుతాయి. ఆ తరువాత మందులు మారతాయి, కష్టం పెరుగుతుంది. అంతలో ఇంట్లోని చిన్నపిల్లలకు కూడా అంటుకోవచ్చు. పుట్టుకతోనో చిన్నతనంలోనో షుగరు వచ్చి ఇన్సులిన్ మీద బ్రతికే పిల్లల సంగతి ఇంకా ప్రమాదం. వాళ్లకు నెలలు కాదు, కొద్ది రోజులు ఆపినా ప్రాణం మీదకు వస్తుంది. 1922లో ఇన్సులిన్ మొదటిసారి ఇచ్చింది కెనడాలో 14 ఏళ్ల పిల్లవాడికి. దానికి ముందు అలాంటి పిల్లలు ఎక్కువ కాలం బ్రతికేవారు కాదు. నూరేళ్లుగా దేవుడు ఇచ్చిన మేలును ఒక్క ఆదివారం తోసివేయడం ఎంత మాత్రం విశ్వాసం కాదని మేము తలుస్తున్నాము.

ఈ బోధ ఎక్కడిది? మన ఊళ్లో పుట్టినది కాదు. అమెరికాలో ఇ. డబ్ల్యు. కెన్యన్ అనే బోధకుడు గత శతాబ్దం మొదటి సగంలో ఇటువంటి భావాలు రాశాడు. ఆయన 1948లో చనిపోయాడు. తరువాత కెన్నెత్ హేగిన్ అనే ఆయన వాటిని రేడియో ద్వారా, పుస్తకాల ద్వారా, బైబిలు పాఠశాల ద్వారా లోకమంతా వ్యాపింపజేశాడు. ఆయన 2003లో చనిపోయాడు. నీ నోటితో ఏది ఒప్పుకుంటే అది నీకు కలుగుతుందనేది దాని సారాంశం. అక్కడి నుండి క్యాసెట్లలో, తరువాత టి.వి.లో, ఇప్పుడు సెల్‌ఫోనులో మన పల్లెలకు చేరింది.

అయినా అది ఇక్కడ ఇంత తొందరగా వేరు పట్టడానికి కారణం అమెరికా కాదని మా అనుమానం. నేల ముందే దున్ని ఉంది. మన తాతమ్మలు ఏమనేవారో గుర్తు తెచ్చుకోండి. “అట్లా అనగాకురా, తథాస్తు దేవతలు ఉంటారు” అనేవారు కదా. చీకటి పడితే పాము అనరు, పురుగు అంటారు. దీపం ఆరిపోయింది అనరు, కొండెక్కింది అంటారు. మశూచి అనరు, అమ్మవారు పోసింది అంటారు. కుష్ఠును పెద్దరోగం అన్నారు, క్యాన్సరును రాచపుండు అన్నారు. పేరు పలికితే వచ్చి కూర్చుంటుందనే భయం తరతరాలుగా మన రక్తంలో ఉంది. క్రీస్తునొద్దకు వచ్చినప్పుడు ఆ దేవతలను వదిలిపెట్టామనుకున్నాము. ఆ భయం మాత్రం వెనుక తలుపు గుండా మళ్లీ లోపలికి వచ్చి, ఈసారి వచనాలు చేతపట్టుకుని కూర్చున్నది.

ఈ పురుగు మాట మీద మాకొక ఫిర్యాదు కూడా ఉంది. రాత్రి పూట చేనులో పాము కరిచి ఆటోలో వస్తారు. ఏమైందంటే “పురుగు ముట్టింది” అంటారు. మా పాత సిస్టర్లకు అర్థమవుతుంది. కొత్తగా చేరిన, వేరే రాష్ట్రం నుండి వచ్చిన డాక్టరు నిజంగానే పురుగో తేలో అనుకుంటే? పాము విషానికి విరుగుడు మందు ఎంత తొందరగా పడితే అంత మేలు. దయచేసి పామును పాము అనండి. అది వినపడి ఇంకో పాము రాదు.

ఇప్పుడు బైబిలు సంగతికి వస్తాము. జబ్బు పేరు నోటితో పలకడం అవిశ్వాసమైతే, పౌలు అవిశ్వాసి కావాలి. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక రెండవ అధ్యాయంలో ఎపఫ్రొదితు రోగియై చావు అంచుల దాకా పోయాడని ఏ దాపరికం లేకుండా రాశాడు. దేవుడు కనికరించాడని ఆ వెంటనే రాశాడు. మొదటిది దాచి రెండవది మాత్రమే చెప్పలేదు. త్రోఫిము జబ్బుపడితే మిలేతులో విడిచి వచ్చానని తిమోతికి రెండవ పత్రిక చివర రాశాడు. తిమోతి కడుపు జబ్బు గురించి మొదటి పత్రికలో రాసి, ఏమి పుచ్చుకోవాలో కూడా చెప్పాడు. ఎందరినో స్వస్థపరచిన పౌలే, తన స్నేహితుల జబ్బులను వాటి పేరుతో పిలవడానికి భయపడలేదు. హిజ్కియా రాజు కన్నీళ్లతో ప్రార్థించాడు, దేవుడు పదిహేనేళ్లు ఆయుష్షు పెంచాడు. అదే యెషయా 38వ అధ్యాయంలో, పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టమని యెషయా ప్రవక్తే చెప్పాడు. ప్రార్థనా ఉంది, కట్టూ ఉంది. దావీదు కీర్తనలు తెరిచి చూడండి. ఆరవ కీర్తన, ముప్పది ఎనిమిదవ కీర్తన. ఎముకలు, నడుము, గుండె, కళ్లు, ఒంట్లో ఎక్కడెక్కడ బాధ ఉందో అంతా దేవుని ముందు చెప్పుకున్నాడు. మా ఓ.పి.లో రోగులు దానిలో సగం వివరంగా చెప్పినా మాకు చాలా సులువయ్యేది!

ప్రభువు సంగతి ఇంకా గమనించదగినది. యోహాను 11వ అధ్యాయంలో లాజరు చనిపోయినప్పుడు మొదట ఆయన అతడు నిద్రపోయాడన్న రీతిగా చెప్పాడు. శిష్యులు అది మామూలు నిద్ర అనుకుని, అయితే బాగుపడతాడులే అన్నారు. దీపం కొండెక్కింది అనే మన పద్ధతి మాటకు వచ్చే చిక్కు ఇదే. అప్పుడు యేసు దాపరికం లేకుండా అతడు చనిపోయాడని వారితో చెప్పాడు. ఆయన నోట ఆ మాట వచ్చినంత మాత్రాన లాజరు సమాధిలో ఉండిపోలేదు. చావును చావు అని పలికిన నోటితోనే లాజరును బయటకు పిలిచాడు.

కొండను సముద్రంలో పడమని చెప్పే వచనం, అంటే మార్కు 11:23, ఈ బోధకు మూలస్తంభం. దానికి ముందు వచనం కూడా చదవమని మనవి. అక్కడ దేవునియందు విశ్వాసముంచమని ఉంది. మన నోటియందు విశ్వాసముంచమని లేదు. రోమా 10వ అధ్యాయంలో నోటితో ఒప్పుకోవలసినది యేసు ప్రభువని. రక్తంలో చక్కెర లేదని కాదు.

అలాగైతే మాటకు శక్తి లేదా? ఉన్నది. ఆసుపత్రిలో పనిచేసేవారికి తెలిసినంతగా అది వేరొకరికి తెలియదు. 2010లో అమెరికా మత్తు వైద్యుల పత్రికలో ఒక పరిశీలన వచ్చింది. కాన్పు కోసం వచ్చిన 140 మంది స్త్రీలకు వెన్నులో సూది వేసేముందు తోలును మొద్దుబార్చే చిన్న సూది ఒకటి వేస్తారు. అప్పుడు కొందరితో, పెద్ద తేనెటీగ కుట్టినట్టు ఉంటుంది, అన్నిటికంటే ఇదే కష్టం అని చెప్పారు. మిగిలినవారితో, ఈ మందు ఆ చోటును మొద్దుబారుస్తుంది, మీకు హాయిగా ఉంటుంది అని చెప్పారు. సూది అదే, మందు అదే. మెత్తని మాట విన్నవారు నొప్పి తక్కువని చెప్పారు. ఇది చదివి మా సిస్టర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎందుకంటే మన తెలుగు నర్సులందరూ, బహుశా వారి అమ్మల నుండి నేర్చుకుని, “చీమ కుట్టినట్టు ఉంటుందంతే నాయనా” అంటారు. తేనెటీగ కంటే చీమ నయమే గాని, అసలు కుట్టే మాట ఎందుకు? ఇప్పుడు మాటను మార్చడానికి ప్రయత్నిస్తున్నాము. నోటికి అలవాటైన చీమ ఇంకా అప్పుడప్పుడు వస్తూనే ఉంది.

మన సీమలో ఇంకా పెద్ద ఉదాహరణ ఉంది. మదనపల్లె దగ్గర, అనేక మిషన్లు కలిసి గత శతాబ్దం రెండవ దశకంలో క్షయ రోగులకు పెద్ద ఆసుపత్రి కట్టాయి. డెన్మార్కు దేశస్థుడైన ఫ్రిమోట్ ముల్లర్ డాక్టరుగారు దానికి మొదటి పెద్ద. అప్పటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నది 1943లో. ఐసోనియాజిడ్ వాడుకలోకి వచ్చింది 1952లో. మంచి గాలి, విశ్రాంతి, మంచి తిండి, అంతవరకే. రక్తం కక్కుకుంటూ రైలు దిగి అక్కడికి చేరిన వారిలో ఎందరో తిరిగి ఇల్లు చూడలేదు. అలాంటి చోటుకు నిలిచిన పేరు ఏమిటి? ఆరోగ్యవరం. కాగితాల మీద యూనియన్ మిషన్ ట్యుబర్క్యులోసిస్ శానటోరియం అని ఎంత పొడుగు పేరు ఉన్నా, జనం నోట నిలిచింది ఈ అయిదక్షరాల పేరే. అక్కడికి పోయేవాడు తాను క్షయ ఆసుపత్రికి పోతున్నానని అనకుండా ఆరోగ్యవరం పోతున్నానని అనగలిగాడు. రోగాన్ని ఎవరూ కాదనలేదు, ఎక్స్‌రే తీశారు, కఫం పరీక్షించారు. కాని వాకిట్లో అడుగుపెట్టేవాని చెవిలో పడిన మొదటి మాట ఆరోగ్యం. మాటకు శక్తి ఉందంటే మేము నమ్మేది ఈ విధంగా.

కుష్ఠు సంగతి దీనికి రెండవ వైపు. లేవీయకాండము 13వ అధ్యాయం ప్రకారం ఆ రోగి తానే నోరు తెరచి తాను అపవిత్రుడనని కేక వేసుకుంటూ తిరగాలి. తన నోటితో తనను వెలివేసుకోవాలి. అటువంటివాడొకడు యేసు దగ్గరకు వచ్చినప్పుడు, ఆయన ముందు ముట్టుకున్నాడు, ఆ తరువాత మాట్లాడాడు. మార్కు మొదటి అధ్యాయం చూడండి, ఆ వరుస అట్లాగే ఉంది. నార్వే దేశపు హాన్సెన్ డాక్టరు ఈ జబ్బు క్రిమిని కనుగొన్నది 1873లో. అది పాపం కాదు, శాపం కాదు, క్రిమి అని తేలినా మాట మారడానికి చాలా కాలం పట్టింది. 1948లో హవానాలో జరిగిన అంతర్జాతీయ కుష్ఠువ్యాధి మహాసభ, మనిషిని అతని జబ్బు పేరుతో పిలిచే పాత ఇంగ్లీషు పదాన్ని వదలమని తీర్మానించింది. 1874 నుండి వీరి మధ్య పనిచేస్తున్న మిషన్ తన పేరులోనే ఉన్న ఆ పదాన్ని 1965లో తీసివేసి, లెప్రసీ మిషన్ అయింది. మన దేశంలో భార్యకు గాని భర్తకు గాని కుష్ఠు ఉన్నదని విడాకులు ఇవ్వవచ్చనే మాట చట్టాలలో 2019 వరకు ఉండింది. మన క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టంలో కూడా ఉండింది. 2019లో పార్లమెంటు తీసివేసింది. ఇప్పుడు ఆరు నెలలో పన్నెండు నెలలో మందు మింగితే పోయే జబ్బు ఇది. మందు మొదలుపెట్టిన కొద్దిరోజులకే ఇతరులకు అంటించే స్థితి ఉండదు. అయినా మన సంఘాలలోనే, ఎవరినైనా తిట్టాలంటే ఇప్పటికీ ఆ జబ్బు పేరు నోట వస్తుంది. అదే వరుసలో, అర్ధగంట ముందు పాటలు పాడిన నోటితో.

రోగిని చూడడానికి వచ్చేవారి మాటల గురించి రాయాలంటే వేరే సంచిక కావాలి. సాయంత్రం చూపుల వేళ వార్డులో నిలబడితే చాలు. “మా బావమరిదికి ఇట్లే వచ్చింది, మూడో నాడు పోయినాడు.” “ఏమి పాపం చేసుకున్నావో ఏమో, ఒప్పుకో తల్లీ.” ప్రసవ వార్డులో అయితే ఒక్క అక్షరం చాలు: ఆడపిల్ల అనరు, “ఆడపిల్లే” అంటారు. ఆ చివరి దీర్ఘంలో ఎంత బరువు ఉందో పక్కకు తిరిగి పడుకున్న బాలింతకు తెలుసు. యోబు స్నేహితులు ఏడు రోజులు నోరు మెదపకుండా అతని ప్రక్కన నేల మీద కూర్చున్నారు. ఆ ఏడు రోజులూ వారు మంచి స్నేహితులే. నోరు తెరిచినాకనే చెడింది. పుట్టుగుడ్డిని చూసి శిష్యులు కూడా, వీడు పాపం చేశాడా, వీని తల్లిదండ్రులా అని యేసునే అడిగారు. యోహాను 9వ అధ్యాయంలో ప్రభువు ఇచ్చిన జవాబు, ఇద్దరూ కారని.

ఇంతవరకు ఇతరుల నోటి గురించి రాశాము. మా నోటి గురించి కూడా రాయాలి. పైన చెప్పిన ఆ తల్లిని చేర్చుకున్న రోజు, మాలో ఒకరు వార్డులో అందరి ముందు, “మాత్రలు మానేసి ఇప్పుడొస్తే మేమేం చేసేది, కాలు పోగొట్టుకోవాలనుందా నీకు?” అన్నారు. అన్న మాట అబద్ధం కాదు. కాలు పోయే ప్రమాదం నిజంగానే ఉంది. కాని ఆ మాటతో ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, అన్నం సరిగా ముట్టలేదు. ఇన్సులిన్ వేస్తుంటే చెయ్యి లాక్కుంది. కూటంలో విన్న మాట ఆమెను అయిదు నెలలు మందుకు దూరం చేస్తే, మా మాట ఇంకో రెండు రోజులు దూరం చేసింది. మేము సత్యమే చెప్పాము కదా అని తప్పించుకోవడానికి వీల్లేదు. రోగి మీద విసరడానికి సత్యం రాయి కాదు.

మూడవ రోజు మా వార్డు ఆయమ్మ, చదువు పెద్దగా లేని మనిషి, పక్క మార్చబోయి ఆమె మంచం అంచున కూర్చుని, “ఏమ్మా, రాత్రంతా నిద్రపోలేదే. దేనికి భయం?” అని అడిగింది. అంతే. ఆమె ఏడ్చి, అంతా చెప్పింది. అయిదు నెలలుగా నోరు ఎండిపోతుందని, రాత్రి ఆరేడుసార్లు లేస్తున్నానని, అది షుగరేనని తనకు తెలుసునని, కాని నోటితో అంటే తన విశ్వాసం పోతుందని, బిడ్డల ముందు దేవునికి అవమానం తెచ్చినదాన్ని అవుతానని. ఆయమ్మ ఆమెకు ప్రసంగం చేయలేదు. “దేవుడికి తెలియందా ఇది? ఆయనకు తెలిసిందే మనం సిస్టరమ్మకు చెప్తాము” అన్నది. మార్కు 5వ అధ్యాయంలో పన్నెండేళ్ల రక్తస్రావం గల స్త్రీ వణుకుతూ వచ్చి ప్రభువుతో సంగతి అంతా ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అప్పుడాయన ఆమెను కుమారీ అని పిలిచాడు. సువార్తలలో యేసు ఒక స్త్రీని అలా పిలిచినట్టు కనబడేది అక్కడే.

ఆ మధ్యాహ్నం ఆమె చెయ్యి చాచింది. రెండు వేళ్లు తీసివేయవలసి వచ్చింది. కాలు నిలిచింది.

సంఘ కాపరులకు మా మనవి ఒకటి. రోగుల కోసం ప్రార్థించండి, నూనె రాయండి, స్వస్థత కొరకు అడగండి. మేమూ ప్రతి ఉదయం వార్డులలో అదే చేస్తున్నాము. ప్రార్థన ముగించి లేచేముందు ఒక్క మాట అడగండి: “మాత్రలు వేసుకుంటున్నావా అమ్మా?” మీరు అడిగితే వేసుకుంటారు. డాక్టరు నోట పది సార్లు వచ్చిన మాట కంటే అయ్యగారి నోట ఒకసారి వచ్చిన మాటకు మన పల్లెల్లో బరువెక్కువ. స్వస్థత కలిగిందని ఎవరైనా సాక్ష్యమిస్తే, స్తోత్రం చెప్పి, పరీక్ష కూడా చేయించి రమ్మనండి. ప్రభువే పదిమంది కుష్ఠురోగులను యాజకులకు కనబరచుకోమని పంపాడు. ఆ కాలంలో పరీక్ష చేసి తేల్చేది వారే.

రెండు వారాలు దాటి దగ్గు ఉంటే కఫం పరీక్ష చేయించుకోండి. ప్రభుత్వ ఆసుపత్రులలో పరీక్షా, మందులూ ఉచితం. చికిత్సలో ఉన్నన్ని నెలలూ పౌష్టికాహారం కోసం టి.బి. రోగి బ్యాంకు ఖాతాలో ప్రభుత్వం డబ్బు వేస్తుంది. 2018లో నెలకు 500 రూపాయలతో మొదలైన ఈ సహాయం 2024 నవంబరు నుండి 1000 రూపాయలైంది. అది అందాలంటే పేరు నమోదు కావాలి. పేరు నమోదు కావాలంటే జబ్బు పేరు చెప్పాలి.

ఆ తల్లి కట్టు మార్పించుకోవడానికి చాలాసార్లు వచ్చింది. పుండు మానినాక మా ఆసుపత్రి ప్రార్థన మందిరంలో స్త్రీల కూడిక రోజున లేచి నిలబడింది. ఆమె మాట్లాడుతుందని మేము అనుకోలేదు. “నాకు షుగరు ఉండాది” అని మొదలుపెట్టి, కొంచెంసేపు ఆగింది. ఏమైనా జరుగుతుందేమోనని చూసినట్టు ఆగింది. తరువాత రెండు వేళ్ల సంగతి, ఆయమ్మ సంగతి చెప్పి, తన మాత్రల డబ్బా చూపించి కూర్చున్నది. వెనుక వరుసలో ఎవరో స్తోత్రం అన్నారు.

తరువాతి సోమవారం ఆమె వెంట అదే పల్లె నుండి ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ఓ.పి. చీటీ రాసే కిటికీ దగ్గర, ఏమి జబ్బమ్మా అని అడిగితే వాళ్లలో ఒకామె చుట్టూ ఒకసారి చూసుకుని, కిటికీ దగ్గరకు ముఖం పెట్టి, చిన్నగా చెప్పింది.